ఇల్లు చేరిన తరువాత

మన సంఘములలో ఎవరైన పరదేశమునకు పోవునప్పుడు ప్రార్థనకూటము పెట్టుదుము. పాస్టరుగారు తలమీద చేయి ఉంచి ప్రార్థన చేయుదురు. స్త్రీల సమాజమువారు పచ్చళ్లు, అరిసెలు మూట కట్టి యిత్తురు. తిరిగి వచ్చినవానికిని ఒక స్తుతికూటము పెట్టి, దండ వేసి, నాలుగు మాటలు చెప్పించి, కాఫీ యిచ్చి పంపివేయుదుము. ఆ మరునాటినుండి వాని మనస్సు ఎట్లుండునో విచారించువారు తక్కువ. పోవుట కష్టము, వచ్చుట సుళువు అని మన తలంపు. మా అమ్మాయి ఇంటికి వచ్చువరకు నేనును అట్లే తలంచితిని.

మాది రేపల్లె ప్రాంతము. నాడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మా నాయనగారు సంఘపెద్ద. మా అమ్మ స్త్రీల సమాజములో నలుబది ఏండ్లు పనిచేసెను. నేను మిషను ఆసుపత్రిలో నర్సు చదువు ముగించితిని. 1989లో అమెరికా ప్రభుత్వము, తమ ఆసుపత్రులలో నర్సులు చాలనందున, విదేశపు నర్సులు వచ్చి నిలుచుటకు వీలుగా ఒక చట్టము చేసెను. ఆ త్రోవనే 1992లో నేను పెన్సిల్వేనియా రాష్ట్రమునకు వచ్చితిని. మరుసటి యేడు మావారు వచ్చిరి. 1997లో మా అమ్మాయి ఇక్కడనే పుట్టెను. ఆమెకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు.

అమెరికా కళాశాలలలో మూడవ సంవత్సరపు చదువును పరదేశములో చదివి వచ్చు ఆచారమొకటి కలదు. 1923లో మా పొరుగు రాష్ట్రమైన డెలావేరు విశ్వవిద్యాలయమువారు 8 మంది విద్యార్థులను ఫ్రాన్సు దేశమునకు పంపిరి. అది దీనికి నాంది. మా అమ్మాయి పోయిన 2017–18 సంవత్సరములో ఈ దేశమునుండి 3,40,000 మందికి పైగా విద్యార్థులు అట్లు పరదేశములకు పోయిరి. చాలమంది ఐరోపాకు పోవుదురు. మా అమ్మాయి స్పెయిను దేశమునకు పోవునని నేను కనిపెట్టుకొనియుంటిని. ఆమె హైదరాబాదు విశ్వవిద్యాలయము కోరుకొనెను.

నాకు ఇష్టము లేకపోయెను. "మేము కష్టపడి విడిచి వచ్చిన చోటికి నువ్వెందుకు తల్లీ?" అంటిని. ఆ మాట నా నోట వచ్చినందుకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను గాని, అన్నమాట అన్నట్లు చెప్పవలెను గదా.

పది నెలలు ఆమె అక్కడ ఉండెను. దసరా సెలవులకును, క్రిస్మసుకును, సంక్రాంతికిని రాత్రి రైలెక్కి అమ్మమ్మ యొద్దకు పోయెను. మొదట అంతయు ఫిర్యాదులే. "అమ్మా, ఇక్కడ తలుపు ఎవరూ కొట్టరు, తిన్నగా లోపలికి వచ్చేస్తారు. నా జీతమెంతని అడుగుతున్నారు, నేను చదువుకుంటున్నానంటే పెళ్లెప్పుడంటున్నారు" అని ఫోనులో మొరపెట్టుకొనెడిది. క్రిస్మసు తరువాత ఫిర్యాదులు తగ్గెను. సంక్రాంతికి ఫోను చేసి, కోతల పండుగనాడు వేలములో తాను ఒక గుమ్మడికాయ పాడితినని గొప్పగా చెప్పెను. నేను నవ్వితిని. అది తమాషా అనుకొంటిని.

2018 మే నెలలో ఆమె ఫిలడెల్ఫియా విమానాశ్రయములో దిగెను. మొదటి వారము ఎంత సంతోషమో! వేడినీళ్లు కొళాయిలో వచ్చుచున్నందుకు సంతోషము, మెత్తని పరుపు సంతోషము, స్నేహితురాండ్రను చూచుట సంతోషము. రెండు వారములైన తరువాత ఆ సంతోషము నీరుకారిపోయెను.

ఒకనాడు ఉదయపు ఆహారమునకు అటుకులవంటి పదార్థము ఒక డబ్బా తెమ్మని అంగడికి పంపితిని. ఇక్కడి అంగడులు మన సంతకంటె పెద్దవి. గంటసేపటికి వట్టి చేతులతో వచ్చెను. "ఒక వరుస మొత్తం అవే డబ్బాలు అమ్మా. ఈ కొసనుంచి ఆ కొసకి. ఏది తీసుకోవాలో తెలియక నిలబడి నిలబడి వచ్చేశాను" అని చెప్పి గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. ఇరువది యేండ్లు ఆ అంగడిలోనే తిరిగి పెరిగిన పిల్ల! మా అమ్మ ఊరిలో కొట్టు ఒక్కటే. పోయి నిలుచుండగానే ఆ కొట్టాయన "మీ అమ్మమ్మగారికి కందిపప్పేనా?" అని తానే పొట్లము కట్టును.

ఆదివారము సంఘములో మరియొక విధమైన కష్టము. మా సంఘమువారు మంచివారు. దాదాపు అందరును తెల్లవారే. మమ్మును ఇరువదియైదేండ్లుగా ప్రేమించిరి. ఆరాధన తరువాత కాఫీ త్రాగునప్పుడు ఒక్కొక్కరు వచ్చి, "ఇండియా ఎట్లున్నది?" అని మా అమ్మాయిని అడిగిరి. ఆమె చెప్పబోయెను. రెండవ మాట ముగియకమునుపే వారి కన్నులు కాఫీ గిన్నెమీదికి పోయెను. ఈ దేశములో "బాగున్నారా?" అనుటకు ఎంత జవాబు కావలెనో, దీనికిని అంతే కావలెను. నాలుగు వారములకు ఆమె "చాలా బాగుంది" అను ఒక్క మాట నేర్చుకొనెను. అది చెప్పి ప్రక్కకు తొలగెడిది.

ఇంకొకటి చెప్పిన మీకు నవ్వు వచ్చును. అలవాటు చొప్పున ఆమె గుడి వాకిట చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో లోనికి వచ్చి కూర్చుండెను. ఇక్కడ అందరును జోళ్లతోనే కూర్చుందురు. ద్వారమునొద్ద నిలుచుండు పెద్దమనిషి ఆ చెప్పులు చూచి, ఎవరో పారవేసికొని పోయిరనుకొని, పోయిన వస్తువుల పెట్టెలో వేసెను. ఆరాధన తరువాత అరగంట వెదకితిమి.

ఇంటిలో ఆమె ఒక పాత బిస్కట్ల డబ్బా తీసి, కడిగి, పొయ్యి ప్రక్కన పెట్టెను. అన్నము వండుటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి అందులో వేయుచుండెను. పిడికెడు బియ్యము సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీ తల్లులు చేసిరి, మీలో అనేకులు ఇప్పుడును చేయుచున్నారు. మా అమ్మ ఎసటిలో బియ్యము పోయుటకు ముందు, ఎంత లేమి యున్నను, ఒక పిడికెడు తీసి ప్రభువు కుండలో వేయనిదే పోయలేదు. నేను ఆ కుండ ప్రక్కనే పెరిగితిని. అమెరికాకు వచ్చిన తరువాత ఒక్కనాడైనను నాకది తోచలేదు. ఇక్కడ కానుక కవరులో వేయుదుము. సంవత్సరాంతమున రసీదు వచ్చును. డబ్బా చూచి నేను, "ఇక్కడ ఎవరికిస్తావే ఇది?" అంటిని. "ముందు నిండనీ అమ్మా" అనెను.

ఆమె కళాశాలలో ఒక ఉపాధ్యాయిని, ఇట్లు తిరిగి వచ్చిన పిల్లలను పిలిచి మాటలాడుచుండెడిది. ఆమె యిచ్చిన కాగితములను నేనును చదివితిని. నార్వే దేశమునుండి అమెరికాకు వచ్చిన 200 మందిని విచారించి లీస్‌గార్డు అను ఆయన 1955లో ఒక సంగతి వ్రాసెను: క్రొత్త దేశములో మొదట మనస్సు మిట్టమీద నుండును, తరువాత పల్లములోనికి దిగును, తరువాత మెల్లగా ఎక్కును. 1963లో గల్లహార్ను అను భార్యాభర్తలిద్దరు, పరదేశములలో చదివియు పనిచేసియు ఇంటికి వచ్చిన అమెరికావారిని విచారించి, పల్లము ఒక్కటి కాదు రెండు అని చెప్పిరి. రెండవది స్వంత యింటిలోనే వచ్చును. మొదటి పల్లమునకు మనుష్యుడు సిద్ధపడి పోవును. రెండవ దానిని ఎవరును ఎదురుచూడరు. అందుచేత దెబ్బ గట్టిగా తగులును. ఇల్లు మారలేదు, తానే మారెను. గాని వానికి ఇల్లే మారినట్లు కనబడును.

కాలెర్వో ఓబెర్గు అను మరియొక పండితుడు 1960లో, మిషనెరీలు ఎక్కువగా చదువు ఒక పత్రికలో, క్రొత్త దేశములో కలుగు అదరుపాటును గూర్చి వ్రాసెను. దాని గురుతులు కొన్ని చెప్పెను. మాటిమాటికి చేతులు కడుగుకొనుట, త్రాగు నీటిని గూర్చియు గిన్నెలను గూర్చియు పక్కబట్టలను గూర్చియు మితిమీరిన భయము, ఇట్టివి. ఆ వరుస చదివినప్పుడు నాకు ఎక్కడనో కొంచెము గుచ్చుకొనెను. ఎందుకో అప్పుడు తెలియలేదు. కాగితము మడిచి పెట్టితిని.

నవంబరు నెల నాలుగవ గురువారము ఇక్కడ కృతజ్ఞతార్పణ పండుగ. మన కోతల పండుగవంటిదే గాని, గుడిలోకంటె ఇంటి బల్లయొద్ద ఎక్కువగా జరుగును. ఆ యేడు మా సంఘమునుండి పదునాలుగురిని పిలిచితిమి. టర్కీ కోడి కాల్చితిని, కోడిపలావు కూడ చేసితిని. అందరును తృప్తిగా తిని, కడుపు నిండిన తరువాత, ఈ దేశపు అలవాటు చొప్పున పళ్లెములలో మిగిలినది ఊడ్చి చెత్తబుట్టలో వేయసాగిరి. ఈ దేశములో ఆహారమునకై సిద్ధమైన దానిలో నూటికి 30 మొదలు 40 వంతులు వ్యర్థమగుచున్నదని ఇక్కడి వ్యవసాయశాఖవారే అంచనా వేసిరి. కాబట్టి మా బల్లయొద్ద జరిగినది వింత యేమియు కాదు.

మా అమ్మాయి చెత్తబుట్టయొద్దకు పోయి నిలుచుండెను. ఒక అతిథి చేతిలోని పళ్లెము పట్టుకొని, వణకుచున్న గొంతుతో, "ఇప్పుడే గదా మనం దేవునికి కృతజ్ఞత చెప్పాము, దేనికి చెప్పాము?" అని ఇంగ్లీషులో అడిగెను. ఆ అతిథి ఎనుబది యేండ్ల ముసలామె, నేను క్రొత్తగా వచ్చినప్పుడు నాకు చలికోటు ఇచ్చిన ఆమె. ఇల్లంతయు నిశ్శబ్దమాయెను.

అందరు పోయిన తరువాత నేను ఆగలేకపోయితిని. "అంత గొప్ప ఊరైతే అక్కడికే పో. నన్ను నలుగురిలో తలదించుకొనేలా చేశావు" అని అరచితిని.

ఆమె అరవలేదు. "నేను పది నెలలే ఉన్నానమ్మా అక్కడ. నువ్వు అక్కడే పుట్టావు, అక్కడే పెరిగావు. ఎట్లా మరిచిపోయావు?" అని అడిగెను.

నా యొద్ద జవాబు లేదు. రాత్రి పది గంటలకు మా అమ్మకు ఫోను చేసితిని. అక్కడ మరునాటి ఉదయము ఎనిమిదిన్నర. ఆమె చెవికి సరిగా వినబడదు గనుక గట్టిగా చెప్పవలసి వచ్చెను. మా అమ్మాయి పై గదిలో విని యుండునని ఇప్పుడు తోచుచున్నది. జరిగినదంతయు చెప్పి, "నీ మనవరాలు నన్ను తప్పు పడుతోంది చూడు" అని ఏడ్చితిని.

మా అమ్మ నవ్వెను. "నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు ఎట్లా చేశావో గుర్తుందా?" అనెను.

గురుతు లేదు. లేక గురుతుంచుకొనలేదు. 1995లో క్రిస్మసుకు, మూడేండ్ల తరువాత మొదటిసారి నేను ఊరికి పోయితిని. మా అమ్మ ఒక్కొక్కటే చెప్పుచుండగా తెర తీసినట్లు కనబడెను. బావి నీళ్లు త్రాగనంటిని. గ్లాసులు మరల కడిగించితిని. పొరుగింటివారు ప్రేమతో తెచ్చిన అరిసెలమీద ఈగలు వ్రాలినవని, వారు చూచుచుండగానే ప్రక్కకు నెట్టితిని. పది గంటల ఆరాధన పదకొండున్నరకు మొదలాయెనని పాస్టరుగారితోనే అంటిని. మూడు వారములు ఆ యింటిలో నేను దొరసానివలె తిరిగితిని.

"నీళ్లన్నీ కాచే ఇచ్చా నీకు" అని మా అమ్మ చెప్పెను. "ఆ మూడు వారాలు నాకు కట్టెలు సరిపోలా. పిడకలు కూడా అయిపోయినయ్. పక్కింటోళ్లనడిగి తెచ్చుకున్నా."

"నాకు చెప్పలేదేమమ్మా?"

"ఏం చెప్తాం? పిల్ల ఇంటికొచ్చింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కింటివారు అనగా ఎవరో తెలియునా? నేను అరిసెలు నెట్టివేసినవారే. వారి కట్టెలతో కాచిన నీళ్లు నేను త్రాగితిని.

రూతు గ్రంథము మొదటి అధ్యాయమును అంతకుముందు ఎన్నిసార్లు చదివితినో! ఎల్లప్పుడు రూతునే చూచితిని, కోడలి ప్రేమనే చూచితిని. ఆ దినములలో నాకు నయోమి కనబడెను. ఆమె కూడ పరదేశమునుండి స్వంత ఊరికి వచ్చినదే. ఊరంతయు కదిలెను, ఈమె ఆమెయేనా అని స్త్రీలు అడిగిరి. ఆమె తన పేరే మార్చి పిలువుమనెను. పాత పేరు పెట్టి పిలిచినయెడల పలుకలేనంతగా ఆమె మారిపోయెను. అయితే ఆ స్త్రీలలో ఎవరైన ఆ రాత్రి ఆమెకు అన్నము పెట్టినట్లు అక్కడ వ్రాయబడలేదు. యవల కోత జరుగుచున్న కాలమే, పొలములనిండ పంటయే. అయినను తరువాతి అధ్యాయములో కోడలు పరిగె ఏరుకొనుటకు పోవలసి వచ్చెను. నేను మా అమ్మాయికి అన్నమైతే పెట్టితిని. ఆమె మాట కూర్చుండి విన్నది ఎప్పుడు?

మరునాడు ఆమెను బల్లయొద్ద కూర్చుండబెట్టి, "పది నెలలూ చెప్పు. మొదటినుంచి చెప్పు" అంటిని. చెప్పెను. అది ఒక దినముతో కాలేదు. ఎనుబదియేండ్ల ఆ ముసలామె యింటికి కూడ తానే పోయి క్షమాపణ అడిగి వచ్చెను. ఆ సంగతి తరువాత చెప్పెదను.

2019 వసంతకాలములో, ఈస్టరు తరువాత, మా అమ్మాయి ఫాదర్ హయ్యరుగారి సమాధి చూడవలెననెను. గుంటూరు లూథరన్ సంఘములలో ఆయన పేరు ఎరుగనివారు లేరు. ఏటేట జూలై 31వ తేదీని ఆయనను తలంచుకొందురు. 1842లో ఆ దినముననే ఆయన గుంటూరు చేరెను. ఆ సమాధి మా రాష్ట్రములోనే, సోమర్‌సెట్టు కౌంటీలో ఫ్రీడెన్సు అను గ్రామములో ఉన్నది. ఇరువదియారేండ్లు ఈ రాష్ట్రములో ఉండియు నేను పోలేదు. కొండల నడుమ కొన్ని గంటల కారు ప్రయాణము. చెట్లు అప్పుడే చిగిర్చుచుండెను.

దారిలో మా అమ్మాయి ఆయన ప్రయాణములు లెక్కపెట్టెను. 1793లో జర్మనీలో పుట్టెను. 1807లో, పదునాలుగేండ్లవాడై, ఫిలడెల్ఫియాలోని మేనమామ యొద్దకు వచ్చెను. యౌవనములో వేదాంతము చదువుటకు జర్మనీలోని గట్టింగెను పట్టణమునకు పోయి, మరల అమెరికాకు వచ్చెను. అనగా ఆయన కూడ పరదేశములో చదివి ఇల్లు చేరిన విద్యార్థియే. గుంటూరుకు పోయెను, వచ్చెను. బాల్టిమోరులో వైద్యము చదివి మరల పోయెను. 1857లో వచ్చెను. మిన్నెసోటలో సంఘములు కట్టెను. 1869లో, 76 ఏండ్ల వయస్సులో, రాజమండ్రి పొలము ఇతరుల వశమగుచున్నదని విని మరల ఓడ ఎక్కెను. కడపట వచ్చి, 1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో చనిపోయెను. ఆయన కోరినట్లు చాలకాలము ముందే చనిపోయిన భార్య ప్రక్కను ఈ చిన్న గ్రామములో పాతిపెట్టిరి.

"ఇన్నిసార్లు తిరిగివచ్చాడు గదా, ప్రతిసారీ ఆయనకీ ఇట్లాగే ఉండేదంటావా అమ్మా?" అని అడిగెను.

మేము చిన్నగా ఉన్నప్పుడు మా ఊరికి వచ్చుచుండిన ఒక దొరసానిగారి సంగతి అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చి చెప్పితిని. ఆమె ముప్పది యేండ్లు మన దేశములో పనిచేసి విశ్రాంతి తీసికొని అమెరికాకు పోయెను. మా అమ్మ రైలుస్టేషనువరకు నడచిపోయి సాగనంపెను. ఆరు నెలలవరకు ఉత్తరము లేదు. తరువాత వచ్చిన ఉత్తరమును పాస్టరుగారు చదివి వినిపించిరి. ఇక్కడ నాకు పొరుగువారు లేరు, తలుపులు మాత్రమే యున్నవి అని ఆమె వ్రాసినట్లు మా అమ్మ చెప్పుచుండెడిది. దొరసానిగారికి స్వంత దేశములో దిగులెందుకో మాలో ఎవరికిని అర్థము కాలేదు. మా అమ్మ మాత్రము ఒక సీసాడు మామిడి ఊరగాయ కట్టి, పంపు దారి తెలియక, సంవత్సరమంతయు అటకమీద ఉంచెను.

ఇక డబ్బా సంగతి. అది ఆగష్టులోనే ఒకసారి నిండెను. మా పట్టణములో బీదలకు ఆహారమిచ్చు చోటొకటి కలదు. మా అమ్మాయి బియ్యము సంచిలో పోసి అక్కడికి తీసికొనిపోయెను. వారు మర్యాదగానే, సీలు విప్పిన ఆహారము తీసికొనుటకు మాకు వీలులేదనిరి. వారిది తప్పు కాదు. ఎవరింటి బియ్యమో, ఏమి కలిసినదో వారికెట్లు తెలియును? రోగుల మధ్య పనిచేయుదానిని, ఆ నియమము ఎందుకో నాకు తెలియును. గాని ఆ పిల్ల కారులో కూర్చుండి ఆ సంచి ఒడిలో పెట్టుకొని ఏడ్చెను. అమ్మమ్మ ఊరి గుడిలో సన్నబియ్యమును దొడ్డుబియ్యమును ఒక్క గంపలో పోయుదురు. ఎవరిది ఏదో ఎవరు అడుగరు. ఇక్కడ దేవునికని తీసిన బియ్యము దేవుని పేరట ఎవరికిని పనికిరాకపోయెను. అప్పుడు నేను దానిని గూర్చి ఎక్కువగా ఆలోచింపలేదు. సంచి అలమరలో పెట్టితిమి.

ఫ్రీడెన్సునుండి వచ్చిన వారములో నాకే తోచెను. "ఊళ్లో ఆ బియ్యాన్ని ఏం చేస్తారు? వేలం వేస్తారు గదా!" అంటిని. ఆ శనివారము రాత్రి మా వంటయింటిలో వేలము జరిగెను. మావారు 5 డాలర్లనిరి. నేను 8 అంటిని. మా అమ్మాయి పాటగాడై, "ఎనిమిదొకటోసారి" అని గరిటెతో బల్లమీద కొట్టెను. కట్టకడపట మావారు 40 డాలర్లకు పాడుకొని, తమ బియ్యమును తామే కొనుక్కొనిరి. ఆ సొమ్ము కవరులో పెట్టి, మా అమ్మాయి దానిమీద "బియ్యము" అని తెలుగు అక్షరములతో వ్రాసెను. అది ఆమె అమ్మమ్మ యొద్ద నేర్చిన కొన్ని మాటలలో ఒకటి.

సోమవారమున సంఘపు కోశాధికారి ఫోను చేసి, కవరుమీద ఆ బొమ్మ యేమని అడిగెను. సంగతి పాస్టరుగారికి తెలిసెను. మరుసటి ఆదివారము ఐదు నిమిషములు చెప్పుమని మా అమ్మాయిని పిలిచిరి. పదునొకండు నిమిషములు చెప్పెను. ఎవరును గడియారము చూడలేదని నేను చెప్పలేను. ఇద్దరు ముగ్గురు చూచిరి.

ఆరాధన తరువాత ఆ ముసలామె, మా అమ్మాయి ఎవరి చేతిలోని పళ్లెము పట్టుకొనెనో ఆమె, కర్ర పట్టుకొని వచ్చి ప్రక్కన కూర్చుండెను. ఆమె రైతు బిడ్డ. తాను చిన్నగా ఉన్నప్పుడు, ఆదివారమునాడు కోళ్లు పెట్టిన గ్రుడ్లన్నిటిని తన తల్లి వేరుగా ఒక బుట్టలో పెట్టి, అమ్మి, ఆ సొమ్ము మిషను పనికి ఇచ్చుచుండెనని చెప్పెను. ఈ దేశపు పల్లెలలో అనేక సంఘములలో ఆ వాడుక ఉండెను. "ఆ సొమ్ము ఎక్కడికి పోయెనో మాకు తెలియదు. ఇండియా అని మా అమ్మ అనేది. నేను డెబ్బదియేండ్లుగా ఆ బుట్టను మరచిపోయితిని" అని ఆమె మా అమ్మాయి చేయి పట్టుకొనెను. నేను చదివిన ఆసుపత్రిలోని మంచములలో ఆ గ్రుడ్లు ఏ మంచమునకు చేరెనో నాకును తెలియదు.

2021లో మా అమ్మ ప్రభువునందు నిద్రించెను. ఆ దినములలో ప్రయాణములు కట్టుబడియుండుటచేత నేను పోలేకపోయితిని. పక్కింటివారే దగ్గర నుండి అన్నియు జరిగించిరి. ఏడాదిన్నరకు పోయినప్పుడు మొదట వారింటికే పోయితిని. వారు నీళ్లిచ్చిరి, త్రాగితిని. అరిసెల సంగతి ఎత్తగా, ఆమె "అవన్నీ ఎప్పటివమ్మా!" అని కొట్టివేసెను. మా అమ్మ కుండ వారియింటిలోనే యున్నది. ఇప్పుడు వారి కోడలు అందులో పిడికెడు వేయుచున్నది.

మా అమ్మాయి పిట్సుబర్గులో ఉద్యోగము చేయుచున్నది. బిస్కట్ల డబ్బా మా పొయ్యి ప్రక్కనే యున్నది. పిల్ల ఇంటిలో లేదు గనుక ఇప్పుడు నేనే వేయుచున్నాను. ఇద్దరికే వంట గనుక నిండుటకు చాలకాలము పట్టును. మొన్న శనివారము నిండెను. మావారు 20 అనిరి, నేను 25 అంటిని. ఫోను బల్లమీద పెట్టియుంటిమి. అందులోనుండి మా అమ్మాయి, "ముప్పై. నా బియ్యం నాకు పంపండి" అని పాడెను.